కోత పండుగకు నేను మోసిన బ్యాటరీ

ఆ రోజుల్లో మా పాలేనికి కరెంటు రాలేదు. మాకున్నదల్లా మా ఆయన తెలివి. దాని వెలుగు ఊరికి, సెగ నాకు. ఆయన ఒక పత్తి షావుకారు దగ్గర కారు తోలేవాడు. కొత్త పంట తెచ్చి చర్చిలో కానుక పెట్టే కోత పండుగకు, ఆ ఏడు గుమ్మం మీద బల్బుల సిలువ వెలిగిస్తానని పాస్టరు అయ్యగారికి మాటిచ్చి వచ్చాడు. నల్లరంగు పూసిన చెక్క, దాని మీద పాతిక టార్చిలైటు బల్బులు. కారు బ్యాటరీ బలాన్ని ఒక్క బల్బు ఓర్చుకోలేదట, అందుకని ఐదేసి బల్బుల్ని ఒక దండగా కట్టాడు. మధ్యలో వెంట్రుకలాంటి రాగితీగ పెట్టాడు. ఎక్కడన్నా తీగలు కలిస్తే ముందు ఇది తెగి, మిగతావాటిని కాపాడుతుందన్నాడు. బ్యాటరీ దగ్గర నిప్పు ఉండకూడదని చెప్పి, చుట్ట కాల్చే మా మామను చర్చి అరుగు మీంచి లేపేశాడు. అంత జాగ్రత్త మనిషి. (నే చెప్పేది రాసుకుంటున్నావుగా, ఆ మాట కొట్టెయ్యకు, రాయి. జాగ్రత్త మనిషే.)

నాకు మాత్రం ఆ పండుగంటే చీర. నా కూలితో నేను కొనుక్కున్న మొదటి చీర, చీరాల నేత, వంకాయరంగు. మా తోడికోడలు ప్రతి ఆదివారం నా వెనకే కూర్చుని నా చీర అతుకులు లెక్కపెట్టేది, ఆ తర్వాతే పాట అందుకునేది. ఆ ఒక్క సాయంత్రం దానికి లెక్కపెట్టడానికి ఏమీ దొరక్కూడదు. అంతే నా కోరిక.

కారు రోడ్డు మీది పత్తి మిల్లులో ఉండేది. అక్కణ్ణుంచి పాలేనికి చేలగట్ల మీద మైలు నడక. షావుకారును అడిగి ఆ పూటకు బ్యాటరీ విప్పుకున్నాడు. తను ఆ మిల్లులోనే కట్టిన సిలువ చెక్కను చంటిపిల్లలా గుండెకు పొదువుకుని, "ఏమే, అది తలకెత్తుకో. కుదిపేవు, జాగ్రత్త" అన్నాడు. చీర కట్టుకునే వచ్చాను మరి, చుట్టకుదురు పెట్టి ఎత్తుకున్నాను. దారిలో మెడ మీద, వీపు మీద చుక్కలు పడ్డాయి. బయల్దేరే ముందు ఆయన అందులో నీళ్ళు పోయడం చూశాను, ఆ నీళ్ళే అనుకున్నాను. కాసేపటికి మండింది. మిరపకోతల నెలలో మాకు మండని చోటేది? కళ్ళు మండుతాయి, వేళ్ళు మండుతాయి, బిడ్డను ఎత్తుకుంటే బిడ్డ ఏడుస్తుంది. పట్టించుకోలేదు.

పొద్దు వాలాక సిలువ వెలిగింది. ఒక్క బల్బు మాడలేదు. అయ్యగారు మా ఆయన మెడలో బంతిపూల దండ వేశారు. పాటకు అందరం లేచి నిలబడ్డాం. నా చీర లేవలేదు. వీపు మీది గుడ్డ నానిన కాగితంలా చీలికలై జారిపోయింది. తోడికోడలు పాట ఆపింది. అయ్యగారి భార్య పరుగున వచ్చి, వీపు చూసి, ఇది యాసిడని, కడవల కొద్దీ నీళ్ళు గుమ్మరించింది. ఆనక కప్పడానికేమీ దొరక్క, కానుకల్లో గోతం ఒకటి ఖాళీ చేసి నాకు చుట్టింది. మిరపకాయల గోతం. ఇక నా పాట అందరూ విన్నారు.

మా ఆయన దండతోనే వచ్చాడు. నన్ను చూశాడు, బ్యాటరీని చూశాడు, మూత బిగించడం మరిచానన్నాడు. ఆ తర్వాత అడిగాడు, "ఎంత ఒలికింది? పొద్దున కారు కదలాలి."

నా వీపునడుగు అనాల్సింది. నేనన్నది, "కొంచెమేలే."

మర్నాడు మూతలన్నీ బిగించాడు. మళ్ళీ నేనే మోశాను, ఆయన ఖాళీ చేతులతో ముందు నడిచాడు. ఆయన పోయి చాలా ఏళ్ళైంది. పాలెంలో ఆ సిలువ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. నా మెడ మీది మచ్చల్ని మశూచివనుకుంటారు. ఆయన్ని తిట్టుకున్నదానికంటే ఆ ఇరవయ్యేళ్ళ పిల్లనే ఎక్కువ తిట్టుకున్నాను. ఎత్తుకోమంటే ఎత్తుకుంది, లోపల ఏముందని అడగలేదు. ఇప్పుడు బీపీ బిళ్ళ ఇచ్చినా, ఇందులో ఏముందయ్యా అని నిలదీస్తాను. మందులషాపాయన నవ్వుతాడు. నవ్వుకోనీ, నాకూ నవ్వొస్తుంది. అతను చెప్పిందాకా చెయ్యి చాపను.