నలభై రెండు నిమిషాల అల్లుడు

బేరం చేయడం ఒక్కటి వస్తే చాలు, లోకంలో ఇంక నేర్చుకోవలసింది ఏమీ లేదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. నమ్మక ఏం చేస్తాను? గుంతకల్లు బజారులో మా నాయనది ఇనుప సామాన్ల అంగడి. అటుపక్క చిన్నాయనది స్టీలు పాత్రల అంగడి, ఇటుపక్క మేనమామ తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మేవాడు. ఎక్కాలకంటే ముందు నాకు వచ్చిన విద్య, గిరాకీ మెట్లు దిగి పోతుంటే ఎన్నో అడుగు దగ్గర వెనక్కి పిలవాలన్నది. (రెండో అడుగుకే పిలిస్తే మన అవసరం బయటపడుతుంది. ఆరో అడుగు దాకా ఆగితే పక్కంగడివాడు పిలిచేసి ఉంటాడు. నాలుగో అడుగే సరైనది.) జీతాల రోజున రైల్వే వాళ్ళు వచ్చి గంటసేపు బేరమాడితే, నాయన చివర్లో కొసరుగా ఒక మేకుల పొట్లం వాళ్ళ చేతిలో పెట్టేవాడు. ఆ పొట్లం కోసమే వాళ్ళు మళ్ళీ మా అంగడికి వచ్చేవాళ్ళు. సరుకుకంటే కొసరే గొప్పదని నాకు అక్కడే అర్థమైంది. నా కొంప ముంచింది కూడా ఆ అర్థమైన ముక్కే.

ఏదో కంప్యూటరు చదువు చదివాననిపించుకుని, కుందుర్పి వైపు ఒక రైతుల సంఘంలో ఉద్యోగానికి కుదిరాను. సబ్సిడీ వేరుశనగ విత్తనాలు పంచడం ఆ సంఘం పని. అంతకుముందు ఏడాది చేతిరాత చీటీలిస్తే కొందరికి రెండుసార్లు మూటలు అందాయట, కొందరు ఒట్టి చేతులతో ఇంటికి పోయారట. దాంతో రైతులే గొడవపడి, ఇకమీదట కంప్యూటరు చీటీ ఉంటేనే మూట అని తీర్మానం చేయించారు. నాలుగు కిటికీల దగ్గర నాలుగు కంప్యూటర్లు, లోపలి గదిలో వాటన్నిటికీ పెద్దదిక్కుగా ఒక సర్వరు. రైతుల పేర్లూ పొలాల వివరాలూ అన్నీ దాని కడుపులోనే ఉండేవి కాబట్టి, అది లేస్తేనే ఆ నాలుగూ పనిచేసేవి. దాన్ని కొనుక్కొచ్చే పని సంఘం సెక్రటరీ సారు నాకు అప్పగించాడు. ఇంకేం, బెంగుళూరులో పాత కంప్యూటర్లమ్మే ఒక సందులో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. సర్వరుకు తెర ఎందుకు, అదేమన్నా సినిమా చూస్తుందా అని వాదించి తెర ధర తీసేయించాను. ఆఖరికి గోడవారన ఉన్న ఇంకో పెట్టె చూపించి, కొసరుగా అది కూడా ఇమ్మన్నాను. సర్వరులోని కాగితాలకు నకళ్ళు దాచుకునే పెట్టె అది. అంగడాయన కుదరదన్నాడు. నేను మెట్లు దిగాను. నాలుగో అడుగుకు పిలిచాడు.

మొదట్లో సర్వరు బాగానే లేచేది. ఎండలు ముదిరేసరికి దానికి బద్ధకం పట్టుకుంది. పొద్దున బటన్ నొక్కితే నలభై రెండు నిమిషాలకు గానీ కిటికీల దగ్గర పేర్లు కనపడేవి కావు. మా వాళ్ళు దానికి ‘అల్లుడు’ అని పేరు పెట్టారు. వస్తూనే “అల్లుడు లేచినాడా?” అని అడిగేవాళ్ళు. నేను చేయని వైద్యం లేదు. దుమ్ము దులిపాను, వైర్లు మార్చాను, మెమరీ పెంచాను, పాత ఫైళ్ళన్నీ తీసేశాను. ఎండ వేడికేమోనని గదిలో ఒక టేబులు ఫ్యాను పెట్టి దాని ముఖాన తిప్పాను. శుక్రవారం నాడు నిమ్మకాయ కూడా కోశాను. (చదువుకున్నవాడివి, నీకు సిగ్గు లేదా అని అడగకండి. ఉండబట్టే అందరూ రాకముందే కోశాను.) ఎండాకాలంలో పని తక్కువ కాబట్టి ఎట్లాగో నెట్టుకొచ్చాను.

తర్వాత వాన పడింది. మా వైపు వాన పడిందంటే ఏమిటో వేరే జిల్లాల వాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఎర్రనేలలో పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఆలోగా విత్తనం నేలలో పడాలి, లేకపోతే ఇంకో వాన కోసం ఆకాశం వైపు చూస్తూ కూచోవాలి. మర్నాడు తెల్లవారేసరికి సంఘం ముందు రోడ్డు దాకా వరస ఉంది. అందరికంటే ముందు నిలబడ్డవాడు ఒక ముసలాయన. నోరు తెరిస్తే పదును మాటే కాబట్టి ఆయన్ను మేం పదును తాత అనేవాళ్ళం. సొంత ఎద్దులు లేవు. ఎవరివో ఎద్దులూ విత్తనం వేసే గొర్రూ ఆ ఒక్క మధ్యాహ్నానికి మాట్లాడుకున్నాడట, మర్నాటి నుంచి అవి వేరేవాళ్ళ పొలాలకు పోతాయట. మధ్యాహ్నానికి విత్తనం చేలో లేకపోతే ఆయనకు ఆ ఏడాది అంతే. ఆ సంగతి వరసలో ఉన్న అందరికీ చెప్పాడు, నాకు మూడుసార్లు చెప్పాడు.

ఏడింటికి బటన్ నొక్కాను. ముప్పై అయిదు నిమిషాలు గడిచాక కరెంటు పోయింది. అలాంటప్పుడు ఆదుకోవలసిన యూపీఎస్ కూడా నేను బేరమాడి తెచ్చిందే, తుమ్మినంతసేపు కూడా నిలబడలేదు. కరెంటు వచ్చింది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. తొమ్మిదింటికి ఇంకోసారి పోయింది. బయట వరసలో మాటలు ముదురుతున్నాయి. చీటీ లేకుండా మూటలిద్దామని ఒకరంటే, పోయినేడు ఒట్టి చేతులతో పోయినవాళ్ళు గోడౌన్ తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. సెక్రటరీ సారు లోపలికి వచ్చి, అరవకుండా, తలుపు దగ్గరికి వేసి మరీ చెప్పాడు. “పదిన్నరకు చీటీ రాకుంటే నేను వీళ్ళ కాళ్ళు పట్టుకుంటా. నువ్వు మాత్రం గుంతకల్లు బస్సు ఎక్కప్పా.” నాకు మా నాయన ముఖం కళ్ళ ముందు కదిలింది. ఉద్యోగం పోతుందన్న బాధకంటే, పాడు సరుకు కొన్నానని ఆయనకు తెలుస్తుందన్న బాధే ఎక్కువైంది.

ఇంక దిక్కుతోచక, ఒక కిటికీ దగ్గరి తెరను పీక్కొచ్చి సర్వరుకు తగిలించాను. కొన్నాక దాని ముఖం చూడాలన్న బుద్ధి పుట్టడం అదే మొదటిసారి. మూడోసారి బటన్ నొక్కి, వైర్లు చూద్దామని బల్ల కిందికి దూరాను. ఏ వైరు పట్టుకున్నా బాగానే ఉంది. ఒక దశలో పైకి రావడం మానేసి, బల్ల కిందే కాళ్ళు ముడుచుకుని కూచుండిపోయాను. ఎప్పుడు వచ్చాడో, పదును తాత నా కుర్చీలో కూచుని తెర చూస్తున్నాడు. చదువు లేదు గానీ అంకెలు వచ్చు.

“అబ్బయా, ఈయప్ప ఎవురి కోసరమో ఎదురు చూస్తాండాడు,” అన్నాడు.

ఎవరూ లేరు తాతా, అది లోపల పని చేసుకుంటోందని బల్ల కింది నుంచే చెప్పాను.

“పని జేసేటోడు ఇట్లుండడు. మూడు నిమిషాలు లెక్క పెడతాడు, ఒక గీత దిగుతాడు, మళ్ళా సున్నా కాడ్నించి మొదులు పెడతాడు. ఐదు మాట్లు చూసినా. బస్సు డ్రైవరు హారను కొట్టుకుంటా కూచున్నట్ల. ఎవుర్నో రమ్మనుండావు నువ్వు. వాళ్ళు రారు.”

పైకి లేచి చూశాను. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఊరి పేరు ఉంది. అనుకోకుండా పైకే చదివాను.

“మా ఊరు గదప్పా అది,” అన్నాడు తాత. “మా ఊరి కోసరమా వీడు కాసుకోనుండేది? తెల్లారినప్పట్నించి నేను ఈడనే ఉండా గదా.”

అప్పుడు తట్టింది. తట్టడం కాదు, చెంపదెబ్బ తగిలినట్టయింది. కొసరు పెట్టెలో నేను మా సంఘం కిందున్న పద్నాలుగు ఊళ్ళకూ పద్నాలుగు అరలు పెట్టాను. రోజూ లేవగానే ఒక్కో ఊరి అరనూ పలకరించమనీ, పలకకపోతే మూడు నిమిషాలు ఆగి తర్వాతి ఊరికి పొమ్మనీ కిటికీ కంప్యూటరు నుంచి సర్వరుకు రాసిపెట్టింది నేనే. ఎండలకు ఆ పెట్టె చచ్చిపోయింది. కొసరు చచ్చిందని ఒప్పుకోవడానికి మనసొప్పక ఎవరికీ చెప్పలేదు. ఊరికే పారేస్తే మా వంశానికే తలవంపులని, టేబులు ఫ్యాను కొన్న రోజున ఫ్యాన్ల అంగడివాడికి దాన్ని అంటగట్టి ధర తగ్గించుకున్నాను. ఆ బేరం తలచుకుని వారం రోజులు మురిసిపోయాను కూడా. పెట్టె పోయిందన్న సంగతి సర్వరుకు చెప్పడం మాత్రం మరిచిపోయాను. అది పొద్దున్నే లేచి, లేని పెట్టె ముందు నిలబడి పద్నాలుగు ఊళ్ళనూ పేరుపేరునా పిలుస్తోంది. ఆ పెట్టెను ఇచ్చి తెచ్చిన ఫ్యానేమో దాని ముఖాన గాలి విసురుతోంది.

తాత ఊరు ఆరోది. ఇంకా ఎనిమిది ఊళ్ళు మిగిలాయి. అవి గడిచి అది లేస్తే గానీ నా రాత నేను చెరపలేను. ఆ ఇరవై నాలుగు నిమిషాలూ కరెంటు పోకూడదు. నేను గోడకానుకుని ఫ్యాను రెక్కల వైపే చూస్తున్నాను, అవి ఆగితే నా పని కూడా ఆగినట్టే. తాత వేళ్ళు మడుస్తూ ఒక్కో ఊరినీ సాగనంపాడు. ఈ ఊళ్ళో నా చెల్లెలుండాది, ఈ ఊళ్ళో వాన పడలేదంట, ఈ ఊరోళ్ళు మాట నిలబెట్టుకోరు అని ఒక్కోదానికి ఒక్కో మాట. పద్నాలుగో ఊరు దాటింది. కిటికీల దగ్గర పేర్లు వచ్చాయి. బయట ఎవరో “అల్లుడు లేచినాడు” అన్నారు. నేను పద్నాలుగు గీతలూ చెరిపేశాను. ఇంకాసేపటికి కరెంటు మళ్ళీ పోయింది గానీ, వచ్చాక సర్వరు రెండు నిమిషాల్లో లేచి కూచుంది.

మొదటి చీటీ తాతది. సెక్రటరీ సారు అందరి ముందూ నా భుజం తట్టి, రోగం ఏమిటని అడిగాడు. లోపల పెద్ద చిక్కు వచ్చింది సార్, విప్పేశాను అన్నాను. పక్కనే నిలబడ్డ తాత చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నేనే వెంట పోయి ఆయన మూటలు ఆటోకు చేరవేశాను. రెండో మూట ఎత్తే ముందు ఉండబట్టలేక, తాతా, అది నా తప్పే, నేను అమ్ముకున్న పెట్టె కోసం అది ఎదురు చూసింది అని చెప్పేశాను.

“తెలుసులే,” అన్నాడు తాత. “గీతలు చెరిపేటప్పుడు నీ మొగం చూసినా. గొర్రు వచ్చే టయమాయ, పట్టు, మూట పట్టు.”

ఆ మధ్యాహ్నం గొర్రు నడిచిందని తర్వాత విన్నాను. ఆ ఏడు పంట సంగతి అడక్కండి. తర్వాతి వాన పడాల్సినప్పుడు పడలేదు, పడ్డప్పుడు కోయడానికి గడ్డి తప్ప ఏమీ లేదు. ఇప్పుడు అనంతపురంలో నాకే ఒక చిన్న కంప్యూటర్ల అంగడి ఉంది. ఎవరి యంత్రమైనా నెమ్మదిగా లేస్తోందని పిలిస్తే పోతాను, తప్పు ఎవరిదో కనిపెట్టి వాళ్ళ ముఖం మీదే చెబుతాను. ఎప్పుడైనా ఆ తప్పు నాదేనని తేలితే మాత్రం వెంటనే నోరు పెగలదు. ముందు అటూ ఇటూ చూస్తాను, మోయడానికి ఎవరిదైనా మూట ఉందేమోనని.