వెనకవైపు నుంచి తెలిసిన వీధి

బావ్ లింగ్‌ది ఇటుకల పడవలో పుట్టింది, ఇటుకల పడవలోనే పెరిగింది, ఇసుక పడవవాడైన యూ గెన్‌షుయ్‌ని చేసుకుంది. అరవయ్యో ఏట గాని గట్టు మీద కాపురం పెట్టలేదు. వూషీ ఊరి మధ్యగా పోయే పెద్ద కాలువలో ఆమె ఎరగని మలుపు లేదు. కానీ ఊరంతా ఆమెకు వెనకవైపు నుంచే తెలుసు. నీళ్ళలోకి దిగే రాతిమెట్లు, కిటికీలకు వేలాడే తడిబట్టలు, వంతెనల అడుగుభాగాలు. ఏ ఇంటివాళ్ళు తాగేసిన టీ ఆకులు కాలువలోకి గుమ్మరిస్తారో చెప్పగలదు, ఆ ఇంటి వీధితలుపు ఎలా ఉంటుందో మాత్రం తెలియదు.

గట్టెక్కిన మొదటి ఏడాది, కింద నేల కదలడం లేదని ఆమెకు నిద్ర పట్టేది కాదు. రెండో ఏడు నడక పట్టుకుంది. పొద్దున్నే గంజి తాగి, బస్సెక్కి చింగ్‌మింగ్ వంతెన దగ్గర దిగి, ఒక్కొక్క సందూ తిరిగేది. పాత బియ్యపు గిడ్డంగులు, పట్టుగూళ్ళ కోఠీలు, మూతబడ్డ ఇటుకబట్టీలు. అరవై ఏళ్ళు కాలువంతా ఈదినదానివి, ఇంకా తనివి తీరలేదా అని గెన్‌షుయ్ దెప్పేవాడు. ఆమె నవ్వి చెప్పులు తొడుక్కునేది. వెతుకుతున్నది ఒకే ఒక్క ఇంటి కోసమని అతనికి చెప్పలేదు.

ఆమెకు ఎనిమిదేళ్ళప్పటి మాట. వంతెన కింద దారి ఇరుకు గనుక పడవలు వరసకట్టి ఆగేవి. అలా ఆగిన ఒకరోజు, పైకిటికీలోంచి ఒకావిడ తాడు కట్టిన బుట్ట దించి, నీటికాయలున్నాయా అని అడిగింది. లింగ్‌ది వాళ్ళమ్మ, నీళ్ళలో తీగలకు కాసే ఆ కాయలు గుప్పెడు వేసింది. పిల్ల పేరేమిటని అడిగింది ఆవిడ. మళ్ళీ నెల పడవ అక్కడ ఆగేసరికి బుట్టలో ఒక కాగితం దిగింది. దాని మీద లింగ్‌ది పేరు రాసి ఉంది.

అప్పట్నుంచి వచ్చినప్పుడల్లా రెండు కొత్త అక్షరాలు దిగేవి, పాతవాటిని లింగ్‌ది బొగ్గుతో రాసి బుట్టలో పైకి పంపేది. తప్పుంటే పైనుంచి అరుపు. మూడేళ్ళు అలా సాగింది. ఒక వేసవిలో కిటికీ మూసి ఉంది. తర్వాత ఎన్నిసార్లు ఆ కింద ఆగినా తెరుచుకోలేదు.

ఆ కాసిని అక్షరాలను పట్టుకునే లింగ్‌ది, సరుకులు చుట్టిన పత్రికల్లోంచి మిగతావి కూడబలుక్కుంది. ముప్పై రెండేళ్ళకి, పడవ నడిపే సరంగు పరీక్ష రాసింది. వాళ్ళ పడవల సంఘంలో ఆ పరీక్ష నెగ్గిన మొదటి ఆడది ఆమే.

వీధివైపు నుంచి చూస్తే ఇళ్ళన్నీ ఒకేలా కనబడ్డాయి, అన్నిటి ముందూ కొట్లే. చివరికి పడవ లెక్కే పనికొచ్చింది. వంతెన నీడలో ముందు రెండు పడవలు నిలిస్తే, మూడోదైన తమ పడవ వెనకభాగం సరిగ్గా ఆ కిటికీ కింద ఉండేది. వంతెన నుంచి మూడు పడవల పొడుగు అడుగులతో కొలుచుకుంటూ వెళ్ళి, ఒక వాంటన్ సూపు కొట్టు ముందు ఆగింది. సూపు తాగింది. తర్వాత కొట్టావిడను, ఒకసారి మీ వెనక కిటికీలోంచి చూడనిస్తారా అని అడిగింది.

కొట్టావిడ ఆమెను ఎగాదిగా చూసింది. "ఎందుకమ్మా? ఫొటోలకా?"

"కాదమ్మా. ఈ కిటికీ కింద నేను చదువుకున్నాను."

కొట్టావిడకు అర్థం కాలేదు గాని లోపలికి పంపింది. లింగ్‌ది కిటికీలోంచి వంగి చూసింది. నీళ్ళు ఇంత కిందుంటాయని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. జరిగింది చెబితే, అయితే మా మేనత్తగారే అయ్యుంటుంది, బడిలో పంతులమ్మ, హ్వా పెయ్‌వెన్, ఇప్పుడు వంతెన అవతల కూతురి దగ్గరుంటోంది అంది కొట్టావిడ. ఆ సాయంత్రమే తీసుకెళ్ళింది.

పెయ్‌వెన్‌కి ఎనభై నాలుగేళ్ళు. మోకాళ్ళు పోయాయి, చెవులు బాగానే ఉన్నాయి. ఆవిడ అక్షరాలు పంపింది ఒక్క లింగ్‌దికే కాదట, పదకొండు మంది పడవపిల్లలకట.

"నీది ఏ పడవే అమ్మాయ్?"

"ఇటుకల పడవ, పంతులమ్మగారూ."

"ఇటుకలదా. కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని గట్టిగా చదివేసేదానివి నువ్వేగా?"

లింగ్‌ది నవ్వబోయింది. నవ్వుకి ముందే ఏడుపొచ్చింది.

కిటికీ ఎందుకు మూశారంటే, అప్పట్లో చాలామంది పంతుళ్ళలాగే తననూ భర్తనూ సర్కారు పల్లెలో పనికి పంపిందని, తిరిగొచ్చేసరికి తొమ్మిదేళ్ళయిందని పెయ్‌వెన్ రెండు ముక్కల్లో చెప్పి, ఆ సంగతి వదిలేసింది. లింగ్‌ది సరంగు పరీక్ష గురించి మాత్రం మూడుసార్లు చెప్పించుకుంది. ఆనక కాగితం, కలం తెప్పించి పేరు రాయమంది. రాసింది చూసి, ఒక గీత ఇప్పటికీ తప్పే వేస్తున్నావంది. అక్కడే దిద్దించింది.

ఇది జరిగి మూడేళ్ళు. గురువారం గురువారం లింగ్‌ది ఆవిడను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి సందులన్నీ తిప్పుతుంది. ఈ ఇంటి ముందు గదిలో ఎవరుండేవారో పెయ్‌వెన్ చెబుతుంది, వెనక మెట్ల మీద ఏం జరిగేదో లింగ్‌ది చెబుతుంది. ఇద్దరికీ తెలియని ఇల్లొస్తే తలుపు కొట్టి అడుగుతారు. వంతెనల దగ్గర కుర్చీ ఎత్తడానికని గెన్‌షుయ్ కూడా వస్తున్నాడు. ఎత్తినప్పుడల్లా, ఇంతకంటే ఇసుక మోయడమే సుఖమని గొణుగుతాడు.

"అయితే రేపట్నుంచి నువ్వు కూర్చో, నేను తోస్తాను" అంటుంది పెయ్‌వెన్.

పోయిన గురువారం బట్టీల వీధికి వెళ్ళారు. మూతబడ్డ బట్టీ లోపల చల్లగా ఉంది. ముగ్గురూ అక్కడే కూర్చుని ఆ ఊరి అలవాటుగా చక్కెర వేసి వండిన వేడివేడి మాంసపు బన్నులు తిన్నారు. బన్నులో తీపి తగ్గిందని ఒకరు, ఎక్కువైందని ఒకరు వాదించుకుంటుంటే, గెన్‌షుయ్ మిగిలిన రెండూ తినేశాడు.