మొదటి ముద్ద

గండికోటలో ఆదివారాలు పర్యాటకులకు పాతకాలం వంట చూపించేవాళ్లం. పొయ్యి దగ్గర రాగి సంగటి కెలికే అవ్వది జమ్మలమడుగు పక్కన గొర్రెలు మేపుకునే ఇల్లు. మైకులో వివరించే పని నాది. సంగటి దించగానే ఆమె చెయ్యి తడుపుకుని, మొదటి ముద్ద నాకే అందించేది.

"తినప్పా, మాట్లాడి మాట్లాడి గొంతెండింటాది."

నేను నవ్వి దాన్ని పక్కన పెట్టి, ప్రొద్దుటూరు నుంచి తెచ్చుకున్న బిర్యానీ తినేవాణ్ణి, ఆమె చూస్తుండగానే.

ఒకరోజు జనం ఎక్కువగా వచ్చారు. ఊపులో అనేశాను: "ఇలా వండుకుని తిన్నవాళ్లంతా ఎప్పుడో పోయారండీ. మనకు మిగిలింది ఈ కుండలే."

తెడ్డు ఆగింది.

"యాడికి పోయినామప్పా?" అంది అవ్వ. "రాత్రి మా ఇంట్లో ఇదే తింటిమి గదా!"

జనం గొల్లున నవ్వారు. ఆమె నవ్వలేదు. ఏడాదిగా పక్కనే నిలబడి, బతికున్న మనిషిని చచ్చినవాళ్లలో కలిపేశానని అప్పుడే తెలిసింది. మైకు కట్టేశాను.

అవ్వ ఎప్పటిలాగే చెయ్యి తడుపుకుంది. ముద్ద చేసి నా అరచేతిలో పెట్టింది.

"తినప్పా. సచ్చినోల్లు వండిన సంగటి."

చెయ్యి కాలుతున్నా, ఆ ముద్దను ఈసారి పక్కన పెట్టలేకపోయాను.