మగ్గాలు ఆగిన మధ్యాహ్నం

సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు నడుస్తుంటే పక్క మనిషి చెవిలో అరిచినా వినపడదు. పద్మలతకు అదే కలిసొచ్చింది. కండెలకు నూలు చుట్టే యంత్రం ముందు కూర్చుని, రాయబోయే కథను ఒక్కో వాక్యంగా పైకే అనుకునేది. చెవికి నచ్చితే ఉంచుకునేది, లేకపోతే మార్చి మళ్లీ అనేది. తల్లి పెదవులు కదలడం కూతురు వనజ చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. ఏ దేవుణ్ణో తలుచుకుంటుందనుకునేది.

వనజ డిగ్రీలో చేరిన ఏడాది, ఒక మధ్యాహ్నం తల్లికి అన్నం గిన్నె తెచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడిందో లేదో, కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారే ఆగాయి. పద్మలత గొంతు మాత్రం ఆగలేదు.

"పెద్దాయన తిని లేచేదాకా ఆ ఇంట్లో నిండు చూలాలు కూడా ముద్ద ముట్టేది కాదు."

షెడ్డంతా విన్నది. ఆ పెద్దాయన అక్కడే ఉన్నాడు. పద్మలత భర్త రామచంద్రానికి అన్న, షెడ్డు యజమాని పర్శరాములు. వనజ పుట్టేనాటికి అంతా ఆయనింట్లోనే కలిసుండేవారు. చూలాలు తన తల్లేనని, ఆ కడుపులో ఆకలితో ఉన్నది తానేనని వనజకు అప్పుడు తెలిసింది.

"నీ పెండ్లాం ఏమంటుందిరా?" అన్నాడు పర్శరాములు, పక్క మగ్గం దగ్గరున్న తమ్ముడితో.

పద్మలతే లేచింది. "కథ రాస్తున్న బావా. ఇంతకుముందు గూడ అచ్చయినయి. నా పేరు పెట్టలే, గంతే."

"ఇంటి ముచ్చట బజార్ల పెడ్తవా?"

"నా ముచ్చటే పెడ్తున్న."

రాతలు మానితేనే షెడ్డుకు రమ్మన్నాడు పర్శరాములు. ఇంటికొచ్చాక రామచంద్రం మెల్లగా మధ్యేమార్గం చెప్పాడు. "రాసుకో పద్మా. పంపేముందు జర నాకు చూపెట్టు. అన్నకు కోపం రాకుంట దిద్దుత."

తానైతే సరేననేదే అనుకుంది వనజ. పద్మలత ఒప్పుకోలేదు.

"నువ్వు మంచోనివే. కాని నీ భయం జొరబడితే అది నా కథ గాదు."

మర్నాడే బడిపిల్లల బట్టలు కుట్టే కేంద్రంలో పనికి చేరింది. మొదటి జీతం రాగానే పక్క వాడలో రేకుల గది అద్దెకు తీసుకుంది. వంటా నిద్రా ఇంట్లోనే. రాత మాత్రం ఆ గదిలో, లోపల గొళ్లెం పెట్టుకుని. వాడకట్టు నోటికొచ్చినట్టు మాట్లాడింది. రామచంద్రం ఎండాకాలం దాటేదాకా పలకలేదు.

"భయమైతలేదా అవ్వా?" అని తల్లిని అడిగింది వనజ.

"అయితుంది. భయపడుకుంటనే రాస్తున్న."

వనజ ఒక్కోసారి ఆ గది బయట మెట్టు మీద కూర్చునేది. లోపల తల్లి ఒకే వాక్యాన్ని తిప్పితిప్పి అంటుండేది. రోజూ తనకు జడలు వేసిన మనిషిలో ఇంత లోతు ఎక్కడ దాగి ఉందో వనజకు అంతుపట్టేది కాదు. లేచి వెళ్లబుద్ధయ్యేది కాదు.

పుస్తకం పద్మలత పేరుతోనే వచ్చింది. కరీంనగర్‌లో సభ పెట్టారు. రామచంద్రం చివరి వరుసలో కూర్చున్నాడు. పర్శరాములు రాలేదు, ఆయన భార్య బాలలక్ష్మి ఇంట్లో చెప్పకుండా బస్సెక్కి వచ్చింది. పద్మలత వేదిక మీద ఆ చూలాలి కథే చదివింది. గొంతు ఎక్కడా తడబడలేదు.

సభ అయ్యాక బాలలక్ష్మి వచ్చి తోడికోడలి చేయి పట్టుకుంది.

"నీకంటె ముందుగల్ల గా ఇంట్ల నేను గూడ గట్లనే ఉపాసమున్న. నాకు నిలువలే గా బిడ్డ. గా ముచ్చట గూడ రాయి. నా పేరు మార్చకు."

పద్మలత ఆమెను పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. "చెప్పక్కా, ఇంటున్న."

రామచంద్రం లేచి, వాళ్లిద్దరికీ చాయ్ తేవడానికి బయటికి నడిచాడు.