చూద్దాం బుట్ట

ఆ ఊలు మిల్లు మూతబడి చాలా ఏళ్ళయింది. అయినా అక్కడ పనిచేసినవాళ్ళు ఏ ఇద్దరు కలిసినా ముందుగా తలుచుకునేది స్వెటరు చెయ్యి సంగతే.

నమూనాలు గీసే మెలికల బాబాయ్ ఒకసారి స్వెటరు చేతికి చీటీ రాశాడు. చీటీ అంటే ఏ మెట్టులో ఎన్ని కుట్లు అల్లాలో చెప్పే కాగితం. నాలుగో మెట్టులో రెండు కుట్లు పెంచమన్నాడు. ఆరో మెట్టులో రెండు తగ్గించమన్నాడు. ఇరవై కుట్లు మిగిలేదాకా మళ్ళీ నాలుగో మెట్టుకే వెళ్ళమన్నాడు. పెంచినదానికీ తగ్గించినదానికీ చెల్లుకు చెల్లు, ఇక ఇరవై ఎప్పటికొస్తుంది? చీటీ అందుకున్న పిల్ల బుద్ధిమంతురాలు, తలెత్తకుండా అల్లింది. ఆ చెయ్యి మోచేయి దాటింది, మణికట్టు దాటింది, కిటికీ దాటి వీధిలోకి దిగింది, మలుపు తిరిగి తపాలా పెట్టెదాకా వెళ్ళింది. పోస్టుమాన్ పాపం కరచాలనం కూడా చేశాడంటారు. నమ్మనివాళ్ళు ఆ తపాలా పెట్టెనే అడగవచ్చు.

ఆ దెబ్బతో, ప్రతి చీటీనీ ముందు ఒకరు అల్లి చూడాలన్న పద్ధతి వచ్చింది. అల్లికగది కిటికీ పక్కన ఒక కుర్చీ వేశారు. ఆ కుర్చీలో ఓపికత్తయ్య కూర్చుంది, పంతొమ్మిదేళ్ళు లేవలేదు.

ఆమె పక్కన మూడు బుట్టలుండేవి. అల్లిక పూర్తయితే ‘ముగిసింది’ అని ముద్ర కొట్టి మొదటి బుట్టలో వేసేది. ఒకే మెట్టు దగ్గర అచ్చంగా అవే కుట్లు రెండోసారి ఎదురైతే, ఇక గానుగెద్దు తిరుగుడే కాబట్టి, ‘ముగియదు’ అని కొట్టి రెండో బుట్టలో వేసేది. ఇటు పూర్తి కాకుండా, అటు తిరిగి మొదటికి రాకుండా సాగిపోయేవి కొన్ని ఉంటాయి. అవి మూడో బుట్టలోకి పోయేవి. ఎవరైనా అడిగితే ఆమె చెప్పే జవాబు ఒక్కటే, “చూద్దాం”. అందుకే దాన్ని అందరూ చూద్దాం బుట్ట అనేవారు.

కొత్త మేనేజరుకు ఆ బుట్ట కంట్లో నలుసైంది.

“అత్తయ్యగారూ, ఇందులో పదకొండు చీటీలున్నాయి. కొన్ని ఏడాదిగా ఉన్నాయి. ముగుస్తాయా, ముగియవా?”

“ముగిస్తే ముగిసిందని చెప్తా బాబూ. ముగియకపోతే... ఇంకా ముగియలేదని చెప్తా.”

“అది జవాబా?”

“నా దగ్గరున్నది అదే.”

మేనేజరు పట్నం నుంచి ఒక పెద్దమనిషిని పిలిపించాడు. ఆయన సూది ముట్టడు, ఊలు తాకడు. చీటీని కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని, తన పుస్తకంలోని పంతొమ్మిది సూత్రాలూ వరసగా వేసి చూసి, ఇది ముగుస్తుంది, అది ముగియదు అని తేల్చేస్తాడు. ఏ చీటీకైనా జవాబు ఖాయమట. సాయంత్రానికల్లా గది మొత్తం ఆయనకు చూపు మాస్టారని పేరు పెట్టేసింది.

“శనివారందాకా చూస్తా,” అన్నాడు మేనేజరు. “ఆలోగా ఈ బుట్ట ఖాళీ చెయ్యండి. లేకపోతే ఈ కుర్చీ మాస్టారిది. మీరు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి.”

విశ్రాంతి అన్న మాట ఓపికత్తయ్యకు సూదిమొనలా గుచ్చుకుంది. ఆ కిటికీలోంచి పడే ఎండ ఏ నెలలో ఏ బుట్టదాకా వస్తుందో ఆమెకు తెలుసు. ఇంట్లో కిటికీ పక్కింటి గోడకు ఎదురుగా ఉంటుంది.

పక్క బల్ల దగ్గర గుండీలు కుట్టే పిన్ని గొంతు తగ్గించి అంది, “ముద్రేగా అక్కా! పదకొండింటికీ ‘ముగియదు’ అని కొట్టి పారెయ్. ఎవడు చూడొచ్చాడు?”

ఓపికత్తయ్య ముద్ర ఎత్తింది. దించలేకపోయింది. ఇరవై ఏడు కుట్ల శాలువా గుర్తుకొచ్చింది.

అదీ మెలికల బాబాయ్ చలవే. వరుసలో కుట్లు సరిసంఖ్య అయితే తరువాతి వరుసకు సగం చెయ్యి. బేసి అయితే మూడింతలు చేసి ఒకటి కలుపు. ఒక్క కుట్టు మిగిలితే ఆపు. ఇరవై ఆరుతో మొదలుపెడితే పది వరుసల్లో అయిపోయింది. ఇరవై ఏడుతో మొదలుపెట్టేసరికి శాలువాకు వక్రబుద్ధి పుట్టింది. పెరిగి, తగ్గి, మళ్ళీ పెరిగి డెబ్బై ఏడో వరుసలో తొమ్మిది వేల రెండు వందల ముప్పై రెండు కుట్లయ్యాయి. సూదులు చాలక మిల్లులోని సైకిళ్ళ ఊచలన్నీ పీకారు, ఆ వారం అందరూ నడిచే ఇంటికి వెళ్ళారు. “ఇది ముగిస్తే నా చెవి కోసుకుంటా” అని పిన్నే పందెం కాసింది. నూట పదకొండో వరుసలో ఒక్క కుట్టు మిగిలింది.

“నీ చెవి ఇంకా బాకీ ఉంది,” అంటూ ఓపికత్తయ్య ముద్ర కింద పెట్టేసింది. చిన్నప్పుడు కాన్వెంటులో అల్లిక నేర్పిన సిస్టర్ మాట చెవిలో వినిపించింది. ‘అయిపోయిందా అని అడక్కు, అల్లు.’

అల్లుతూనే ఆలోచించింది. శనివారం పొద్దున్న మేనేజరు, మాస్టారు వచ్చేసరికి పదకొండు చీటీలూ బుట్టలోనే ఉన్నాయి. ఆమె చేతిలో ఇంకొకటి ఉంది.

“మాస్టారూ, ఇది నేను రాసింది. దీన్నొక్కటి తేల్చండి. తేలిస్తే నేనే కుర్చీ ఖాళీ చేస్తా.”

మాస్టారు చదివాడు. ఒకటి, పది కుట్లు వెయ్యి. రెండు, మాస్టారి పంతొమ్మిది సూత్రాలతో ఈ చీటీనే చూడు. మూడు, ముగుస్తుందని తేలితే ఒక వరుస అల్లి రెండో మెట్టుకు వెళ్ళు. నాలుగు, ముగియదని తేలితే వెంటనే దారం తెంపు.

“ముగుస్తుంది,” అన్నాడు మాస్టారు.

“అయితే అల్లాలి,” అంటూ ఓపికత్తయ్య ఒక వరుస అల్లింది. “మళ్ళీ రెండో మెట్టు. ఏమంటారు?”

“ముగుస్తుందన్నాగా!”

ఇంకో వరుస. ఇంకోటి. నాలుగో వరుసకు పిన్ని నవ్వాపుకోలేక గుండీల డబ్బా ఒలకబోసింది.

“ఆగండాగండి! ఇది ముగియదు.”

ఓపికత్తయ్య కత్తెర తీసి దారం తెంపింది. “ముగిసింది మాస్టారూ.”

మాస్టారి పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది. “ఇది మోసం! చీటీలో నన్ను ఇరికించారు.”

“మిమ్మల్ని కాదు బాబూ, మీ సూత్రాలని. అవీ ఒకదాని తర్వాత ఒకటి చేసుకుపోయే పనేగా? నాలుగో మెట్టు, ఆరో మెట్టు రాసినట్టే వాటినీ రాసుకోవచ్చు. పంతొమ్మిదిని తొంభై చేసుకోండి, ఆ తొంభైనీ రాస్తా.”

“మరి మీరు అల్లి తేల్చగలరా అన్నీ?” అన్నాడు మేనేజరు.

“నేనూ తేల్చలేను. అందుకేగా మూడో బుట్ట.”

మాస్టారు చాలాసేపు ఆ చీటీని అటూ ఇటూ తిప్పాడు. తరువాత మేనేజరు వైపు చూడకుండా, తన సూత్రాలకు తేలని చీటీగా దాన్ని తన చేత్తోనే మూడో బుట్టలో వేశాడు.

కుర్చీ ఆమెకే మిగిలింది. పక్కన మాస్టారికి ఒక బల్ల వేశారు. ఆయన సూత్రాలకు లొంగే చీటీలు నిజంగానే చాలా ఉండేవి, వాటితో ఆమెకు సగం శ్రమ తగ్గింది. లొంగనివి ఆయన ఆమె బుట్టలోకి జరిపేవాడు. ఆ ఎండ కిటికీ దగ్గర ఆ ఇద్దరి పోట్లాటలు వినడానికే పిన్ని గుండీలు నెమ్మదిగా కుట్టేది.

మిల్లు మూసిన రోజు మూడో బుట్టలో ఒక్క చీటీ మిగిలి ఉంది. పై వరుసలోని నలుపు తెలుపులను బట్టి కింది వరుస రంగులు మారే శాలువా అది. రెండు రంగులూ సరిసమానమైన వరుస వస్తే ఆపాలి. వరుసకో కుట్టు పెరుగుతుంది కాబట్టి పాత వరుస మళ్ళీ వచ్చే దారే లేదు. ఓపికత్తయ్య దాన్ని బుట్టతో సహా ఇంటికి తెచ్చుకుంది.

ఆదివారాలు మాస్టారు వచ్చేవాడు. గోడకు ఎదురుగా ఉన్న కిటికీ పక్కన కూర్చుని, ఆమె అల్లిన వరుస కుట్లు లెక్కపెట్టిపెట్టేవాడు, ఆమెకు చూపు తగ్గింది మరి.

“నలుపు రెండెక్కువ,” అన్నాడు ఒకసారి. “ఇక ముగియదేమో అత్తయ్యగారూ.”

“ఆ ‘ముగియదు’ ముద్ర మిల్లు మూసిన రోజు మీరేగా తీసుకున్నారు. తెచ్చారా?”

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. ముద్ర అక్కడే ఉంది. ఖాళీ చెయ్యే బయటికి తీసి, ఊలు ఉండను ఆమె వైపు జరిపాడు.

“చూద్దాం,” అన్నాడు.