బోర్డుకు కట్టేసిన మధ్యాహ్నం

అంబులెన్సులో పనిచేసే మాకు అప్పుడప్పుడూ రిఫ్రెషర్ ట్రైనింగ్ ఉంటుంది. చదివిందే మళ్లీ చదవాలి, చేసే పనే మళ్లీ చేసి చూపించాలి, సాయంత్రం పరీక్ష రాయాలి. రాయకపోతే బండి ఎక్కనివ్వరు. ఆ ఏడాది జగ్గయ్యపేట వాళ్లకి నందిగామలో, ఒక ఆసుపత్రి మేడమీది హాల్లో పెట్టారు. వారానికోసారి దొరికే సెలవు కాస్తా పోయిందన్న విసుగుతోనే బస్సెక్కాను. మా బండి డ్రైవరన్న కూడా వచ్చాడు. ముక్త్యాల రోడ్డు మీద సిమెంటు లారీలతో ఏళ్ల తరబడి వేగుతున్న మనిషి, దారంతా కునుకు తీస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం పాఠం వెన్నెముక దెబ్బల గురించి. మెడకు కాలర్ పెట్టి, పొడవాటి స్పైన్ బోర్డు మీద మనిషిని కదలకుండా బెల్టులతో బిగించాలి. రోజూ చేసేదే. పేషెంటుగా ఎవరు పడుకుంటారని ట్రైనర్ గారు అడిగారు.

"మేడమైతే తేలిగ్గా ఉంటారండి" అన్నారెవరో వెనకనుంచి. అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే వెళ్లి పడుకున్నాను.

కాలర్ పెట్టారు. తలకు రెండు పక్కలా దిమ్మలు పెట్టి, నుదుటి మీదుగా టేపు వేశారు. చేతులు లోపలే ఉంచి ఛాతీకి, నడుముకి, కాళ్లకి బెల్టులు బిగించారు. సరిగ్గా అప్పుడే కింద రోడ్డు మీద పెద్ద చప్పుడైంది. ఆ వెంటనే అరుపులు. కిటికీ దగ్గరున్నతను "ఆటోని లారీ కొట్టేసింది!" అని కేకేశాడు. కిట్లు అందుకుని అందరూ ఒక్కసారిగా మెట్ల మీదికి పరుగెత్తారు. నన్ను పక్కవాళ్లు విప్పుతారని ఎవరికి వాళ్లు అనుకున్నారట. తలుపు గాలికి దభీమని మూసుకుంది. కాసేపటికి కరెంటు కూడా పోయింది.

మొదట పిలిచాను. తర్వాత అరిచాను. కాలర్ గడ్డాన్ని పైకి ఎగదోస్తుంటే అరుపు నాకే సరిగ్గా వినిపించలేదు. కళ్ల ముందు ఆగిపోయిన ఫ్యాను, చెమ్మకి ఉబ్బిన సున్నం తప్ప ఇంకేమీ లేవు. చెమట కణతల మీదుగా చెవుల్లోకి జారుతోంది. ఒక ఈగ పైపెదవి మీద వాలింది. ఊదాను, లేచి మళ్లీ అక్కడే వాలింది. తిన్న అన్నం గొంతులోకి వస్తున్నట్టయింది. వెల్లకిలా కట్టేసిన మనిషికి వాంతయితే ఏమవుతుందో పొద్దున్నే పాఠంలో విన్నాను. వెంటనే పక్కకు తిప్పాలి. తిప్పడానికి మనిషుండాలి. ఏమీ తెలియనివాళ్లయితే అంత భయపడి ఉండరు.

తలుపు కిర్రుమంది. టీ గ్లాసులు తీసుకెళ్లడానికి ఆసుపత్రి ఆయా వచ్చింది. నన్ను చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"అమ్మా, ఈ బెల్టు తియ్యండి. ఛాతీ మీదది ఒక్కటి తీసినా చాలు."

"అమ్మో! నేను తియ్యకూడదు తల్లీ. డాక్టరుగారు వచ్చి చూడాలి."

"నేను పేషెంటుని కాదండి! అంబులెన్స్ స్టాఫ్‌ని. నేర్పడానికి కట్టారు."

"మొన్న వార్డులో ఒకాయన కూడా నాకేం కాలేదనే అన్నాడమ్మా. కదిలితే ఏమైద్దో ఏంటో. నా వల్ల కాదు."

కోపమొచ్చింది, నవ్వొచ్చింది. ఆవిడ చోట నేనున్నా అదే మాట అనేదాన్ని. చివరికి ఏడుపే వచ్చింది. ఆవిడ గ్లాసులు కింద పెట్టి నా పక్కన కూర్చుంది. కొంగుతో ఈగను తోలి, చెమట తుడిచి, నాకు కనపడేలా మొహం మీదికి వంగింది. "నేనెక్కడికీ పోను. ఊపిరి నిదానంగా తీసుకో" అంది. కానీ బెల్టు మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు.

కాసేపటికి డ్రైవరన్న ఆయాసపడుతూ వచ్చాడు. నా కోసం కాదు, బోర్డు కోసం.

"అయ్యో చెల్లెమ్మా, నువ్వింకా ఇక్కడే ఉన్నావా!" అంటూ గబగబా విప్పాడు. నేను లేచీ లేవకముందే బోర్డు చంకన పెట్టుకుని దిగిపోయాడు. తిమ్మిరెక్కిన కాళ్లతో నేనూ వెనకే దిగాను.

ఆటోలో వచ్చినవాళ్లంతా ప్రాణాలతోనే ఉన్నారు. వీరులపాడు నుంచి వచ్చిన ఒక ముసలి రైతుకి మాత్రం మెడ నొప్పి. ఆ బోర్డు మీదే పడుకోబెట్టి బెల్టులు నేనే బిగించాను. స్కానింగుకి విజయవాడ తీసుకెళ్లమన్నారు. తీసుకెళ్లే అంబులెన్సులో మనిషి తక్కువైతే నేనెక్కాను.

"ఇప్పమ్మా, నీకు పుణ్యముంటది" అన్నాడాయన, బండి కదలగానే.

"ఇప్పకూడదు పెద్దాయనా. మెడ కదిలితే ప్రమాదం." మామూలుగా అయితే ఏం కాదులెండి అని ఊరుకునేదాన్ని. ఆ రోజు ఆయన కళ్లకి ఎదురుగా వంగి, దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాను. ఎక్కడిదాకా వచ్చామో చెప్పాను, ఇంకెంతసేపు పడుతుందో చెప్పాను. నడుం పట్టేసింది. ఆయనేమీ శాంతించలేదు. సగం దారిలో బతిమాలడం మానేసి తిట్లకి దిగాడు. తరువాత తిట్టడం కూడా మానేసి కళ్లు మూసుకున్నాడు. చేతికి మాత్రం నా వేళ్లు అందిస్తే వదల్లేదు. ఆ వేళ్లు ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, నేనూ కదల్లేకపోయాను.

ఎముక విరగలేదని స్కానింగులో తేలింది. బెల్టులు విప్పగానే ఆయన నా వైపు చూడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

బయటికొచ్చి ట్రైనర్ గారికి ఫోన్ చేశాను. బాగా చేశావమ్మా అని మెచ్చుకున్నారు. ఆ తర్వాత, సాయంత్రం పరీక్షకి లేవు కాబట్టి వచ్చే బ్యాచ్‌తో మళ్లీ మొదటినుంచీ కూర్చోవాలన్నారు.

"అలాగేనండి" అన్నాను.