సెలవు కోసం మార్చిన స్ప్రింగులు

పోయిన వారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "మీ బావ పోయిండురా. చాయ్ తాగి కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అంది. గుండెపోటు అన్నాడు డాక్టర్. కరీంనగర్‌లో విలేకరిగా ఎందరి చావు వార్తలో రాశాను. బావది ఏ పేపర్లోనూ రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

బావ లారీల కింద స్ప్రింగుల్లా బరువు మోసే కమాన్ పట్టీలు కట్టే మిస్త్రీ. గ్రానైట్ బండలు మోసే లారీ ఒక పక్కకు కుంగితే బైపాస్ మీది ఆయన షెడ్డుకే వచ్చేది. ఆగి ఉన్న ఏ బండినైనా రెండు చేతులతో అదిమి, అది ఎట్లా లేస్తుందో చూడటం ఆయన అలవాటు. ఒక పెళ్లిలో పెళ్లికొడుకు కారును అదిమి చూసి అక్కతో తిట్లు తిన్నాడు. ఖానాపూర్, భైంసా రోడ్ల మీద వార్తల కోసం తిరిగిన నా నడుము ఇంకా నిలబడి ఉందంటే, నా బండికి ఆయన సరిచేసి ఇచ్చిన షాకబ్జర్ల వల్లే.

షెడ్డు సరిగా నడవని రోజుల్లో గల్ఫ్ పోయాడు. అక్కడ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, సరదాకు ఒక రేసు కారు కొన్నాడు. దానికి నంబర్ ప్లేటు లేదు, రోడ్డెక్కకూడదు. ఇంకో బండి మీద ట్రాక్‌కు తెచ్చి, కంచె లోపలే తిప్పి, మళ్లీ షెడ్డులో పెట్టాలి. బావ పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉండేది.

ఆ ఏడాదే అక్కకు ఆపరేషన్ చేయాలన్నారు. బావ వచ్చాకే చేయించుకుంటానని ఆమె పట్టుబట్టింది. బావ సెలవు అడిగాడు. ముందు కారుకు స్ప్రింగులు, షాకబ్జర్లు మార్చు, అది బాగా పరుగెత్తితే సెలవు కాగితం మీద సంతకం పెడతానన్నాడు కఫీల్. ఏవి కొనాలో ఎంచే పని కూడా బావకే వదిలేశాడు.

బావ అన్నిటికన్నా గట్టి స్ప్రింగులు ఎంచాడు. లారీ కుంగితే ఇంకో పట్టీ వేసి అలవాటైన చేతులవి. ఈ కారు మోసేది ఒక్క మనిషిని. మలుపులో నేల కాస్త ఎత్తుపల్లంగా ఉన్నచోట చక్రం ఎగిరి, కారు జారి ఇసుకలోకి పోయింది. కఫీల్‌కు దెబ్బ తగల్లేదు కానీ సెలవు మాట మళ్లీ ఎత్తలేదు.

"లారీ బుద్ధి పోలే బామ్మర్దీ" అన్నాడు బావ ఫోన్లో. "గట్టిగుంటె మంచిదనుకున్న. టైర్ నేలను ఇడువద్దు, దానికి గంతే కావాలె."

ఆ తర్వాత ఎండలో ట్రాక్ అంతా కాలినడకన తిరిగి, ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో చూసుకున్నాడు. మెత్తటి స్ప్రింగులు తెప్పించాడు. వాటికి తోడు, మర తిప్పి బిగువు మార్చుకునే షాకబ్జర్లు. ఈయన కొంచెం తిప్పడం, కఫీల్ నడిపి చూడటం, మళ్లీ తిప్పడం. చివరికి కారు ఏ మలుపులోనూ జారలేదు. కఫీల్ భుజం తట్టాడు. దీన్ని ఇంత బాగా చూసుకునేవాడు ఇంకెవడున్నాడు, ఈ రేసులన్నీ అయ్యేదాకా ఉండమన్నాడు.

"చెడగొడితె ఇడువలే. మంచిగ చేస్తె అసలే ఇడుస్తలేడు" అని నవ్వాడు బావ. ఈ సంగతి రాస్తానన్నాను.

"పేపర్ల వస్తె ఇంకింత బిగవడతడు. జర ఆగు" అన్నాడు.

ఆగాను. కారు అమ్ముడుపోయాకే ఆయన్ను పంపారు. వచ్చి మళ్లీ బైపాస్ షెడ్డులోనే కూర్చున్నాడు. ఇంకో పట్టీ వేయమని ఏ డ్రైవరైనా అడిగితే, ముందు బరువెంతో చెప్పమనేవాడు.

అక్క మాత్రం అంతదాకా ఆగలేకపోయింది. నొప్పి ఆగనివ్వలేదు. ఆపరేషన్ రోజు పొద్దున, భర్త సంతకం చేయాల్సిన చోట నేను చేశాను. బావ ట్రాక్ కంచె పక్కన నిలబడి వీడియో కాల్ చేశాడు. వెనక కారు తిరుగుతోంది. అది దగ్గరకు వచ్చినప్పుడల్లా ఆయన పెదాలు కదలడమే కనిపించేది, మాట వినపడేది కాదు. మంచం మీద అక్క ఫోన్ పట్టుకుని, ఆ చప్పుడు దూరమయ్యేదాకా చూసేది. "ఆఁ, ఇప్పుడు చెప్పు" అనేది. ఆయన మొదలుపెట్టేసరికి కారు మళ్లీ వచ్చేది.